బేరాలత్త తిరగేసిన సంచి

టైలరు కొట్టు వెనకగోడకు ఒక పగులుంది. అందులో వేలెడంత మనుషులు కాపురముంటారు. గోడ మీది నాచే వాళ్లకు తలుపు, నీళ్ల కుండ. ఆ నాచును తడిపి కాపాడేది అక్క. బయటి పక్షులతో, చీమలతో ఇచ్చిపుచ్చుకునేది చెల్లెలు. ఆమెను అందరూ బేరాలత్త అంటారు. ఇచ్చింది ఎప్పుడూ తక్కువ, తెచ్చింది ఎప్పుడూ ఎక్కువ.

వాళ్లకొక పద్ధతి ఉంది. బదులివ్వడానికి ఏమీ లేకుండా అడగాల్సి వస్తే, భుజాన ఉన్న సంచిని తిరగేసుకుని ఎదుటివాళ్ల గుమ్మంలో కూర్చోవాలి. అలా కూర్చున్నవాళ్లను చూసి బేరాలత్త మూతి తిప్పేది.

పిచ్చుక గూడు కట్టుకుంటుంటే ఆమె కొంత నాచు పీకి ఇచ్చి, అది రాల్చిన ఈకలన్నీ తెచ్చింది. నాచు మళ్లీ మొలుస్తుంది, ఈకలు ఊరికే వస్తాయా అని లెక్క కట్టింది. ఇంటింటికీ మెత్తటి పరుపొచ్చింది. భలే బేరమన్నారు. ఆమె ఇంకా పీకింది.

ఒక పొద్దున టైలరు బట్టలు ఆరేస్తూ ఆగి, దారిన పోతున్న తాపీమేస్త్రీని పిలిచాడు.

"మేస్త్రీ, ఈ గోడ ఇలా నోరు తెరిచిందేంటి? ఇన్నాళ్లూ కనపళ్లేదే."

"నాచు కప్పేసుంటుంది. రేపు సిమెంటు పెట్టేస్తాలే" అని తాపీమేస్త్రీ పగులు చుట్టూ సుద్దతో గీత గీసి పోయాడు.

లోపల అందరూ పోగయ్యారు. నాచేమైందని అక్కను నిలదీశారు.

"ఎండకి మాడినట్టుంది" అంది బేరాలత్త, తననెవరూ అడక్కముందే.

అక్క చెల్లెలి చేతుల వైపు చూసింది. గోళ్ల కింద పచ్చగా ఉంది.

"అవును, నేనే సరిగా తడపలేదు" అంది అక్క అందరితో.

తన తప్పును ఇంకొకరు నెత్తికెత్తుకోవడం బేరాలత్త లెక్కల్లో ఎన్నడూ లేదు. తల ఎత్తలేకపోయింది. నాచు వెనక్కి తెద్దామని పిచ్చుక దగ్గరికి పరుగెత్తింది.

"తీసుకుపోవే తల్లీ" అంది పిచ్చుక. "వెచ్చగా ఉంటుందని అంటగట్టావు. చెమ్మ ఆరక కుళ్లిపోయింది. గుడ్డు పెట్టే చోటు లేక తిరుగుతున్నా."

గోడకు అతికించడానికి ఆ నాచు పనికిరాదు. అయితే పోయినేడు ఇదే మేస్త్రీ, పావురం గుడ్లున్నాయని కప్పు మీద ఒక పెంకు వెయ్యకుండా వదిలేశాడు. ఆ సంగతి ఆమెకు గుర్తొచ్చింది.

"మా పగుల్లో పెట్టుకో. పొడిగా ఉంటుంది."

"దేని మీద పెట్టను? నా ఈకలన్నీ మీ నడుముల కిందే ఉన్నాయిగా."

ఈకలు కావాలంటే ఎందుకో చెప్పాలి. చెబితే మొహం చెల్లదు. చెప్పకపోతే రేపటికి ఇళ్లుండవు. ఆమె సంచి తిరగేసుకుని ముందు అక్క గుమ్మంలో కూర్చుంది.

"నాచు పీకింది నేనేనక్కా."

"తెలుసు."

"నీ పరుపులో ఈకలు కావాలి. ఇవ్వడానికి నా దగ్గర ఏం లేదు."

అక్క పరుపు విప్పింది. "మిగతా ఇళ్లకు నేనూ రానా?"

"వద్దు. నీ వెనక దాక్కుంటాను."

ప్రతి గుమ్మంలోనూ అదే మాట చెప్పింది. కొందరు ఈకలు విసిరినట్టు ఇచ్చారు. ఒక తాత మాత్రం పరుపు తనే మడిచి తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"ఇన్ని ఈకలు ఎక్కడివని నేనూ అడగలేదు కదే" అన్నాడు. "నడుంనొప్పి తగ్గింది, నోరు మూసుకున్నా. తీసుకుపో."

తెల్లారి మేస్త్రీ తాపీ ఎత్తి, దించేశాడు.

"ఇక్కడ గుడ్డుందండోయ్. పిల్ల ఎగిరాక చూద్దాం."

"సరేలే" అన్నాడు టైలరు.

పిల్ల ఎగిరేలోపు నాచు పగులును మళ్లీ కప్పాలి. అక్కాచెల్లెళ్లు మిగిలిన నాచును చిటికెడు చిటికెడు గోడకు అద్దుతున్నారు.

"ఆ సంచి ఇంక తిప్పుకోవే, చూడలేకపోతున్నా" అంది అక్క.

"ముందు ఇది కప్పనీ" అంది బేరాలత్త, గోడ వైపు తిరిగే.