ఎనిమిదో చొక్కా

వినండర్రా, స్లాబు కూలి ఎనిమిది మంది పోయారు. నా కళ్లతో చూశాను. మూడో రోజు కంట్రాక్టరు జాబితా పంపితే, మేస్త్రీ మా షెడ్ల ముందు నిలబడి చదివాడు. ఏడు పేర్లే ఉన్నాయి. మొదటిది నా కొడుకుది.

"మరి నా మొగుడు?" అని నీళ్లాయన పెళ్లాం అడిగింది. కొత్త స్లాబుల్ని రోజంతా తడిపేవాడు ఆయన.

"వాడు మా మనిషి కాదు. దారినపోతూ లోపలికొచ్చాడు. శనివారంకల్లా షెడ్డు ఖాళీ చెయ్యి."

చంటిపిల్లని చంకనేసుకుని మా వైపు చూసింది. ఎవరి షెడ్డులోకి వాళ్లం పోయాం. ఎక్కడినుంచో వచ్చింది, యాస వేరు. కుళాయి దగ్గర కూడా చివర్నే నిలబెట్టేవాళ్లం. చెప్పడానికి సిగ్గేస్తోంది.

మా పిల్లలకి బొమ్మలు నేర్పే టీచరమ్మ వచ్చింది. "పోయినవాళ్ల చొక్కాలు తెండి, అందరం కలిసి బొంత కుడదాం. గేటుకి కడితే ఊరంతా చూస్తుంది" అంది. బొంత కుట్టడంలో నా తర్వాతే ఎవరైనా. నా కొడుకు జేబులో సిమెంటు ఇంకా అలాగే ఉంది. దులపడానికి చేతులు రాలేదు.

నీళ్లాయన పెళ్లాం నీలం చొక్కా తెచ్చింది. "చోటు లేదే" అన్నాను. టీచరమ్మ నా వంక చూసింది. సరేలెమ్మని ఓ మూల నాలుగు కుట్లేసి తగిలించాను.

గేటుకి కట్టాం. పోలీసు వచ్చాడు. "ఎనిమిదోది ఎవడిది? జాబితాలో లేదుగా!" అని ఆ మూల పట్టి లాగాడు. పర్రున ఊడొచ్చింది. నీళ్లాయన పెళ్లాం దాన్ని మట్టిలోంచి తీసి మొహానికి అద్దుకుంది.

లాగింది వాడే. ఊడేలా కుట్టింది మాత్రం నేను.

"విప్పండే బొంత!" అని అరిచాను.

"మొత్తమా? నీకేమన్నా పిచ్చా పెద్దమ్మా?" అంది తాపీ అతని భార్య.

"మొత్తం!"

గేటు ముందే, ఎండలో కూచున్నాం. మగాళ్లు పని ఆపేసి సూదుల్లోకి దారాలెక్కించారు. నీలం చొక్కా నట్టనడుమ పెట్టి, పక్కన నా కొడుకుది పెట్టాను. ఈసారి ఒక్కో దారం ఈ కొస నుంచి ఆ కొసకి, అన్ని చొక్కాల మీదుగా. "దగ్గరదగ్గరగా వెయ్యి వదినా" అంది తాపీ అతని భార్య. నీళ్లాయన పెళ్లాన్ని మాలో ఒకరు వరస పెట్టి పిలవడం అదే మొదలు. అది భోరుమంది. నా కొడుకు పోయాక నాకూ అప్పుడే ఏడుపొచ్చింది.

శనివారం నీళ్లాయన షెడ్డు ఖాళీ చేయించడానికి పోలీసులు మళ్లీ వచ్చారు. ఆ షెడ్డు గుమ్మానికి అడ్డంగా ఆరుగురం బొంత పట్టుకుని నిలబడ్డాం. పోలీసు నీలం చొక్కా పట్టి లాగాడు. ఊడలేదు. బొంతతో పాటు మేమంతా ఓ అడుగు ముందుకొచ్చాం.

"అది రావాలంటే నా కొడుకునీ చింపాలి. చింపరా, చూస్తాను!"

ఆరుగుర్నీ బొంతతో సహా వ్యానెక్కించారు. వెనక అద్దంలోంచి చూశాను. మిగిలిన ఆడవాళ్లు ఆ గుమ్మంలో బైఠాయించారు. ఒళ్లో పిల్లతో నీళ్లాయన పెళ్లాం సూదిలోకి దారం ఎక్కిస్తోంది. మగాళ్లు ఒంటిమీది చొక్కాలు విప్పి వాళ్లకి అందిస్తున్నారు.