మొదటి ఆప్షన్

ఐదు దాటితే ఇంజనీరింగ్ సీటుకు పెట్టిన ఆప్షన్లు మార్చుకోవడం కుదరదు. గోడ గడియారంలో నాలుగూ నలభై అయింది. శంషాబాద్ బస్టాండు ఎదుటి నెట్ సెంటర్లో అఖిల వెనుక ఇంకా ఆరుగురు పిల్లలు నిలబడి ఉన్నారు.

తెర మీద పైవరుసలో ఎలక్ట్రికల్, దాని కింద మెకానికల్ ఉన్నాయి. అఖిల ఎంసెట్ ర్యాంకుకు రెండూ వచ్చేలాగే ఉన్నాయి. ఏది పైన పెడితే అదే దక్కుతుంది. మెకానికలే పైన పెడతానని తల్లికి మాటిచ్చింది.

"పైన ఏం పెట్టినవ్ బిడ్డా?" పక్క కుర్చీలోంచి తల్లి లింగమ్మ అడిగింది.

ఆమెకు చదువు రాదు. మెకానికల్ అని ఒక్క మాట అంటే సరిపోతుంది. అఖిల తెర మీది పైవరుసకు వేలు చూపింది.

"కరెంటుదే పెట్టిన అమ్మా."

"మీ బాపును మింగింది సాలలేదానె? కాటేదాన్‌ల మీ నరేందర్ మామ ఇరవై ఏండ్ల సంది లేత్ మిషన్ మీద చేస్తుండు. పది వేళ్లూ సక్కగనే ఉన్నయి. మార్చు!"

"అమ్మా, గా పంచాయితి ఇంటికాడ చేసుకొని రావాలె," అన్నాడు సెంటర్ నడిపే మల్లేశ్వర్. "ఎనక లైన్ చూడు."

నాలుగేళ్ల కింద, ఎండుతున్న మడికి నీళ్లు పెట్టాలని ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు వేయబోయి అఖిల తండ్రి కుర్మయ్య చనిపోయాడు. లైన్‌మన్ కోసం ఆగకుండా రైతులే ఫ్యూజు వేసుకోవడం వాళ్ల ఊళ్లో మామూలే. స్విచ్ బంద్ చేయడం మరిచాడన్నారు. తాగి ఉంటాడనీ అన్నారు. ఆ పొద్దున ఆయన తాగలేదని తెలిసి కూడా లింగమ్మ ఎవరికీ ఎదురు చెప్పలేదు.

"బాపు మర్చిపోలే అమ్మా."

"ఏంది?"

"బాపును దవాఖానకు తీస్కపోతుంటె నేను ఆడనే నిలబడ్డ. స్విచ్ హ్యాండిల్ బంద్ చేసినట్టు కిందికే ఉండె. గది గుంజితె పైన తీగలను కలిపే మూడు కత్తులూ ఊడాలె. రెండే ఊడినయి. ఒకటి ఇరికి అట్లనే ఉన్నది, దాంట్లకెల్లి కరెంటొచ్చింది. అప్పుడు సమజ్ కాలే. ఇంటర్ల చదివినంక అయింది."

"మరి ఇన్ని దినాలు ఎందుకు చెప్పలే?"

"బాపు మాటెత్తితె నువ్వు లేచి ఎల్లిపోతుంటివి."

లింగమ్మ కొంగు అంచును వేలికి చుట్టుకుంది. గడియారంలో ఐదు కావడానికి పది నిమిషాలే మిగిలాయి.

"అంటే... మీ బాపు హ్యాండిల్ గుంజిండా?"

"గుంజిండమ్మా."

"స్తంభం ఎక్కనని ఒట్టెయ్."

"ఎయ్యలేను. ఎప్పుడన్న ఎక్కాల్సి ఒస్తది."

లింగమ్మ ఆమె జబ్బ మీద గట్టిగా ఒక్కటి చరిచింది. "అబద్ధమన్న చెప్పరాదే!"

వెనుక ఎవరో నవ్వారు. లింగమ్మ కుర్చీని తెర దగ్గరికి లాక్కుంది.

"నొక్కు. నేను చూస్త."

అఖిల నొక్కింది. తెర కాసేపు తెల్లగా ఉండి, ఆప్షన్లు ఖాయమైనట్టు చూపించింది.

"ఇగ లే," అంది లింగమ్మ. "తాగిండన్నోళ్ల ఇండ్లు నీకెరికే గద. ఒక్కొక్కళ్లకు నువ్వే చెప్పాలె."