పెడచెయ్యి

గంగరాజు చెరువు గట్టున గొంతుక్కూచుని కుడి పెడచెయ్యి నీళ్లకు ఆనించాడు. జివ్వుమంది. చెయ్యి దానంతటదే వెనక్కొచ్చింది.

రొయ్యల చెరువుల్లో పనిచేసేవాళ్లకు అదొక అలవాటు. దిగేముందు పెడచెయ్యి ఆనించి చూస్తారు. అరచేత్తో ముట్టుకుంటే కరెంటు పట్టేసుకుంటుంది, పెడచేత్తో అయితే విదిలించేస్తుంది అంటారు. ఎవరూ కూచోబెట్టి నేర్పరు. పక్కవాణ్ణి చూసి చెయ్యడమే.

పొద్దుటినుంచి ఉక్కపోత. మబ్బు కమ్మింది గాని ఆకు కదలడం లేదు. ఇలాంటి రోజున నీళ్లలో గాలి తగ్గి రొయ్య పైకి తేలిపోతుంది. అందుకే నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లన్నీ ఆగకుండా చిలుకుతున్నాయి. చివరిదొక్కటీ మూలుగుతోంది. కాకులు వాలకుండా చెరువుకు అడ్డంగా కట్టిన నైలాను తాడు తెగి దాని చక్రానికి చుట్టుకుపోయింది. గుండెలోతు నీళ్లలో నడిచి వెళ్లి, కత్తితో కోసి లాగాలి.

"ఏంటయ్యా గంగరాజూ, గట్టు మీద జపం చేస్తున్నావేంటి? దిగు!" షెడ్డు దగ్గరినుంచి మేనేజరు గణేష్‌బాబు కేకేశాడు.

"నీళ్లలోకి కరెంటు వస్తందండి. మెయిన్ తియ్యండి. తాడు కోసేసి చిటికెలో వచ్చేస్తాను."

గణేష్‌బాబు గబగబా గట్టు మీదికొచ్చి గొంతు తగ్గించాడు. "ఇవాళ మెయిన్ తియ్యమంటావేంటి? కంపెనీవాళ్లొచ్చారు, కనబళ్లేదా?"

కనబడుతూనే ఉన్నారు. షెడ్డు కింద ప్లాస్టిక్ కుర్చీల్లో చుట్టుపక్కల చెరువుల రైతులు కూచున్నారు. మధ్యలో చెరువు యజమాని భద్రిరాజు. ఆయన పక్కన నిలబడి, చేతిలో ట్యాబు పట్టుకుని మాట్లాడుతున్నది బీమా కంపెనీ ఫణీంద్ర. అంతమందికీ గ్లాసుల్లో కొబ్బరినీళ్లు అందిస్తోంది దీనమ్మ. ఆమె భర్త జ్ఞానప్రకాశం కిందటి నెల ఈ చెరువులోనే పోయాడు. సమాధి ఖర్చులన్నీ భద్రిరాజే పెట్టుకున్నాడు. దీనమ్మకు మేత బస్తాల దగ్గర పనీ, ఉండడానికి చోటూ ఇచ్చాడు. ఊళ్లో అందరూ ఆయన్ని ధర్మాత్ముడన్నారు.

భద్రిరాజు చెడ్డవాడేం కాదు. కిందటి పంట తెల్లమచ్చ రోగమొచ్చి నిలువునా పోయినప్పుడు, గట్టు మీద కూచుని గంగరాజు ముందే కళ్లు తుడుచుకున్నాడు. ఆ తర్వాతే ఈ బీమా తీసుకున్నాడు. కంపెనీవాళ్లు వచ్చి మెయిన్ బోర్డుకు ఒక తెల్ల పెట్టె బిగించి వెళ్లారు. ఏరేటర్లు తిరుగుతున్నంతసేపూ దానికి పచ్చలైటు వెలుగుతుంది. ఆగితే ఎర్రలైటు, ఆ కబురు ఎక్కడో ఉన్న ఆఫీసుకు చేరిపోతుంది. ఆపితే ప్రీమియం పెరుగుతుంది. ఆ మీదట పంట పోతే పరిహారం రాదు. పూర్వం చెరువులో దిగాలంటే మెయిన్ తీసేసి దిగేవాళ్లు, మళ్లీ వేసేవాళ్లు. ఆ కాస్తలో ఏ రొయ్యా చచ్చేది కాదు. పెట్టె వచ్చాక బోర్డుకు తాళం పడింది. తాళంచెవి గణేష్‌బాబు ప్యాంటు జేబులో ఉంటుంది.

జ్ఞానప్రకాశం పడిపోయిన నాడు కూడా అది ఆ జేబులోనే ఉంది. గణేష్‌బాబు మేత కోసం భీమవరంలో ఉన్నాడు. గంగరాజు వెదురుగెడ పెట్టి లాగాడు. గట్టుకు చేర్చేసరికి మనిషి లేడు. గుండె ఆగిపోయిందని రాసుకున్నారు. ఆగిన మాట నిజమే.

ఎలక్ట్రీషియన్ వచ్చి వైర్లకు నల్లటేపు చుట్టి వెళ్లాడు. అంతే.

ఫణీంద్ర మాటలు గట్టు దాకా వినబడుతున్నాయి. "రోజులు పాతలా లేవండి. ఎండ పెరుగుతోంది, తుపాను ఎప్పుడొస్తుందో తెలీదు, కాలవల్లోకి ఉప్పునీళ్లు ఎగదన్నుతున్నాయి. అవతల దేశంలో సుంకం పెంచితే ఇక్కడ మీ రేటు పడిపోతుంది. ప్రమాదం వచ్చాక ఏడవడం కాదు, అది బయల్దేరకముందే పసిగట్టాలి. మా పని అదేనండి."

"ఆయ్, బాగా చెప్పారండి," అన్నాడొక రైతు.

"ఈ చెరువే చూడండి. ఈ పంట వేసిన దగ్గర్నుంచి ఏరేటర్లు ఒక్కసారి ఆగలేదు. మా దగ్గరున్నవాటిలో ఇదే బెస్టు. వచ్చే పంటకి రాజుగారికి ప్రీమియం తగ్గిస్తున్నాం."

భద్రిరాజు మీసం కింద నవ్వుకున్నాడు.

దీనమ్మ చేతిలో పళ్లెం అలాగే ఉండిపోయింది. "ఒక్కసారి కూడా ఆగలేదాండి?"

"ఒక్కసారి కూడా ఆగలేదమ్మా," అన్నాడు ఫణీంద్ర సంతోషంగా.

"మా ఆయన అందులో పడున్నప్పుడు కూడానా అండి?"

ఫణీంద్ర భద్రిరాజు వంక చూశాడు. ఆయన కొబ్బరినీళ్ల గ్లాసు వంక చూశాడు.

"అది... ఆ సంగతి మా రికార్డులో..."

"లేదులెండి. పెట్టెకి రొయ్యలే కనబడతాయి," అంది దీనమ్మ. "రొయ్యకి నలతగా ఉంటే భీమవరం నుంచి డాక్టరు కారేసుకొస్తాడు. మా ఆయన ఈసారి పుడితే రొయ్యగానే పుడతాడులెండి."

"పుట్టి ఏం లాభం, ఐసు పెట్టెలో పోవడానికా?" ఒక రైతు నవ్వబోయి, ఎవరూ నవ్వకపోవడంతో మానేశాడు.

"దీనమ్మా, లోపలికెళ్లు," అన్నాడు భద్రిరాజు. లేచి గట్టు మీదికొచ్చాడు. చివరి ఏరేటరు మూలుగు పెరిగింది. మోటారు కాలుతున్న వాసన వస్తోంది. "గంగరాజూ, మోటారు పోయేలా ఉంది. దిగవయ్యా."

"మెయిన్ తీస్తే దిగుతానండి."

"మనూళ్లో ఎవరైనా ఇలా అడిగారా? అందరూ దిగట్లా?"

"ప్రకాశం కూడా దిగాడండి."

ఇన్నేళ్లలో గంగరాజు ఆయన మాటకు ఎదురు మాటనలేదు. నెలకు పదిహేను వేల జీతం, గట్టు మీద రేకుల పాక. ఆ పాకలోనే భార్య ఉంది. అందులోనే పురిటికొచ్చిన కూతురు పసిబిడ్డతో ఉంది. ఇవన్నీ భద్రిరాజుకూ తెలుసు.

"సాయంత్రానికి పాక ఖాళీ చేస్తావా మరి?"

గంగరాజు పాక వైపు చూశాడు. గుమ్మంలో తాడుకు పసిగుడ్డు బట్టలు ఆరేసి ఉన్నాయి. చేతిలో కత్తిని గట్టు మట్టిలో గుచ్చి, దాని పక్కనే చతికిలబడ్డాడు.

"చేస్తానండి. దిగను."

దీనమ్మ పళ్లెం కింద పెట్టి వచ్చి అతని పక్కన కూచుంది. "నేనూ చేసేస్తాలే బాబాయ్, నా మూట చిన్నదే," అంది. మేత బస్తాలు మోస్తున్న ఇద్దరు కూలీలు మోస్తున్నవాటిని ఉన్నచోటే దించేశారు.

ఫణీంద్ర మెల్లిగా గట్టు దాకా వచ్చాడు. "సార్, మనుషులకి కూడా ఏదైనా పాలసీ..."

"మీరుండండి సార్," అన్నాడు భద్రిరాజు. మొహం కందగడ్డలా అయింది. నడిచెరువులో అక్కడక్కడా రొయ్యలు మీసాలు పైకి పెట్టి తేలడం మొదలైంది. ఆయన కళ్లు అటు పోయి, పెట్టె మీది పచ్చలైటు దగ్గరికి వచ్చి ఆగాయి. అటు కోటి రూపాయల పంట, ఇటు కాగితం మీద షరతు. మధ్యలో ఒక మనిషి దిగితే సరిపోతుంది.

"గణేష్! నువ్వు దిగి కొయ్యి."

"నేనాండీ?"

"మరి నేను దిగనా?"

గణేష్‌బాబు బూట్లు విప్పాడు. ప్యాంటు మోకాళ్లదాకా మడిచాడు. మట్టిలోంచి కత్తి తీసుకుంటుంటే అతని చెయ్యి గంగరాజు మోకాలికి తగిలింది. గంగరాజు అడ్డు చెప్పలేదు, సాయం చెయ్యలేదు. తల ఎత్తి చూస్తూ కూచున్నాడు.

నీటి అంచున గణేష్‌బాబు ఆగాడు. ఒకసారి వెనక్కి చూశాడు. రైతులందరూ కుర్చీల్లోంచి లేచి నిలబడి ఉన్నారు. అతను మెల్లిగా వంగి, గొంతుక్కూచుని, కుడిచెయ్యి తిప్పి, పెడచెయ్యి నీళ్లకు ఆనించాడు.

చటుక్కున లాక్కున్నాడు.

ఏరేటర్లు నీళ్లు చిలుకుతూనే ఉన్నాయి. బోర్డు మీద పచ్చలైటు వెలుగుతూనే ఉంది.

"ఏంటి గణేష్, దిగు!" అన్నాడు భద్రిరాజు.

గణేష్‌బాబు లేచాడు. ఆయన వంక చూడలేదు. తడిచెయ్యి ప్యాంటు జేబు దగ్గరికి వెళ్లి, తాళంచెవి మీద ఆగింది.