అత్తగారి పాత క్రెడిట్లు

ఆసుపత్రి టెలిఫోన్ ఎక్స్ఛేంజీ ఉద్యోగం నుంచి రిటైరైన మర్నాడే, భోజనాల దగ్గర అత్తగారు ఉన్నట్టుండి ఒక మాట అంది.

"నేను డిగ్రీ పూర్తి చేస్తాను."

కొడుకు తలెత్తాడు. అతను ఎలక్ట్రీషియన్, మాటలు తక్కువ. "ఏ డిగ్రీ అమ్మా?"

"సగంలో ఆగిపోయింది. నువ్వు కడుపులో ఉన్నప్పుడు మంచం దిగొద్దన్నాడు డాక్టరు. ఆ తర్వాత మళ్ళీ కాలేజీ ముఖం చూసిందెక్కడ?"

"అంటే నేరం నాదే" అని అతను కంచంలోకి వంగాడు.

కోడలికి మాత్రం నవ్వు రాలేదు. ఆమె పగలు మందుల షాపులో పనిచేస్తూ సాయంత్రాలు యూనివర్సిటీలో ప్రజారోగ్యం డిగ్రీ చదువుతోంది. ఇంట్లో ఆమె కోడలు, షాపులో "ఏమ్మా". యూనివర్సిటీలో హాజరు పిలిచేటప్పుడే ఆమె పేరు ఆమె చెవిన పడేది. అత్తగారు చేరతానన్నది ఆ యూనివర్సిటీలోనే, ఆ సబ్జెక్టులోనే.

"ఇన్నేళ్ళూ ఆసుపత్రి ఫోన్లు ఎత్తాను. నాకింకే సబ్జెక్టు తెలుసు చెప్పు" అంది అత్తగారు.

పాత కాలేజీ నుంచి మార్కుల పట్టిక తెప్పించుకుని దరఖాస్తు పెట్టింది. కొన్ని వారాలకు జవాబొచ్చింది. డిగ్రీకి కావలసిన క్రెడిట్లలో, అంటే పాసైన కోర్సులకిచ్చే పాయింట్లలో, దాదాపు సగం ఆమె పాత చదువు కింద అంగీకరించారు. ఆ లెక్కన అత్తగారు మూడో ఏడు. కోడలు ఇంకా రెండో ఏడే.

"ఇంట్లోనే కాదమ్మాయ్, అక్కడా నేనే సీనియర్ని" అంది అత్తగారు. ఆ సాయంత్రమే చుట్టపక్కాలందరికీ ఫోన్లు వెళ్ళాయి. కోడలు అందరితో పాటు నవ్వింది గానీ లోపలెక్కడో చురుక్కుమంది. షాపులో రోజంతా నిలబడి, కాళ్ళు పీకుతుంటే బస్సెక్కి ఆమె ఒక్కో క్రెడిటూ కూడబెట్టుకుంది మరి.

యూనివర్సిటీలో కోర్సుల సలహాదారుని కలవడానికి ఇద్దరూ కలిసే వెళ్ళారు. చిన్న గది. జలుబు చేసిన నడివయసు మనిషి. కంప్యూటరు తెర వాళ్ళవైపు తిప్పి వివరంగానే చెప్పాడు. సాహిత్యం, చరిత్ర, టైపు, షార్ట్‌హ్యాండ్ అన్నీ వచ్చాయి. కానీ అవన్నీ 'నచ్చింది చదువుకోవచ్చు' అనే గడిలో పడ్డాయి. ఆ గడికి ఒక హద్దుంది. హద్దు దాటినవి రికార్డులో ఉంటాయి గానీ డిగ్రీకి పనికిరావు. తప్పనిసరిగా చదవాల్సిన గడులు మాత్రం దాదాపు ఖాళీ.

"స్టాటిస్టిక్స్ చదివాను కదండీ" అంది అత్తగారు.

"చదివారమ్మా. కానీ ఆ డిపార్ట్‌మెంటు పదేళ్ళు దాటిన కోర్సు తీసుకోదు."

"మరి సగం అయిపోయిందన్నారు?"

"సగం వచ్చాయన్నాం" అని అతను ముక్కు తుడుచుకున్నాడు. "అయిపోయిందనలేదు."

అత్తగారు తెరవైపే చూస్తూ, "ఆ మిగిలిపోయినవి మా కోడలి పేరు మీద రాయొచ్చా?" అని అడిగింది.

"కుదరదమ్మా" అన్నాడతను. ఈ ప్రశ్న ఇంతకు ముందు కూడా ఎవరో అడిగినట్టుంది.

బస్సులో అత్తగారు మార్కుల పట్టిక మడిచి సంచిలో పెట్టుకుంది. దిగేముందు, "ఎందుకొచ్చిన గొడవ, మానేస్తాను" అంది. కోడలి ప్రాణం తేలికపడింది. కానీ ఇంటికొచ్చాక అత్తగారు ఫోను మోగినా ఎత్తలేదు. బతుకంతా ఫోను ఎత్తిన మనిషి. చుట్టాలకు ఏం చెప్పాలో తెలీక అలా కూర్చుంది. అది చూశాక కోడలికి అన్నం సహించలేదు.

మర్నాడు పొద్దున్న షాపుకు బయల్దేరుతూ ఆగింది.

"అత్తయ్యా, నేను మందుల షాపు కోర్సు చేశాను చూడండి, దాన్ని కూడా మొదట పనికిరాని గడిలోనే పడేశారు. పిటిషన్ పెడితే బయాలజీ కింద మార్చారు. మీరూ పెట్టొచ్చు."

అత్తగారు ఆమెను తేరిపార చూసింది. "ఈ మాట నిన్న చెప్పలేదేం?"

"ఇవాళ చెప్తున్నాగా" అని కోడలు చెప్పులేసుకుంది.

పిటిషన్లు పెట్టారు. పాత కాలేజీ లైబ్రరీ పాఠ్యప్రణాళిక వెతికి పంపడంతో, సాహిత్యం కోర్సుల్లో ఒకటి వ్యాసరచన అవసరం కింద లెక్కకొచ్చింది. చరిత్ర ఒకటి సమాజశాస్త్రం గడిలోకి మారింది. స్టాటిస్టిక్స్ టీచరమ్మ మాత్రం పరీక్ష రాయమంది. పాసైతే ఆ కోర్సు మళ్ళీ చదవక్కర్లేదు. సగటులు, సంభావ్యత అత్తగారు బాగానే చేసింది. కంప్యూటరు మీద చేయాల్సిన భాగం దగ్గర చేతులెత్తేసింది. గట్టెక్కలేదు.

"మీరు మర్చిపోయింది తక్కువేనండీ, సబ్జెక్టే ముందుకెళ్ళిపోయింది" అంది టీచరమ్మ. "క్లాసులో కూర్చోండి."

క్లాసు ఒక్కటే ఉంది, సాయంత్రం పూట. కోడలు అప్పటికే అందులో పేరు నమోదు చేసుకుంది.

"ఒక్క మాట అత్తయ్యా. అక్కడ నేను మీ కోడల్నని చెప్పకండి."

"సరే. నువ్వెవరో నాకు తెలీదు" అంది అత్తగారు.

మాట నిలబెట్టుకుంది, అతిగా. ఒకే బస్సులో వచ్చి వేరే తలుపు గుండా లోపలికి పోయేది. కళ్ళు కలిస్తే పరాయి మనిషిని చూసినట్టు తల తిప్పుకునేది. పదిహేను రోజులు సాఫీగా గడిచాయి. ఆ తర్వాత టీచరమ్మ ఇంటిపేర్ల వరసలో ఇద్దరిద్దరిని ప్రాజెక్టుకు జతచేసింది.

"మీ ఇద్దరిదీ ఒకటే ఇంటిపేరు. బంధువులా?"

"ఈ ఇంటిపేరువాళ్ళు బోలెడుమందండీ" అంది అత్తగారు తడుముకోకుండా.

ఆసుపత్రి ఓపీలో రోగులు ఎంతసేపు ఎదురుచూస్తున్నారన్నది వాళ్ళ ప్రాజెక్టు. ఒక ముసలాయన పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చున్నట్టు లెక్కల్లో ఉంది. ఆ ఒక్క అంకె వల్ల సగటు ఎక్కడికో పోతోంది. దాన్ని తీసేద్దామంది కోడలు. అత్తగారు ససేమిరా అంది.

"ఆయన నిజంగా కూర్చున్నాడు. లేడని ఎలా రాస్తాం?"

"లేడనడం లేదు. ఆయన్ని పిలిచినప్పుడు పలక్కపోతే వరస దాటిపోయింది. అది వేరే సంగతి."

"పలక్కపోవడం కూడా ఎదురుచూడ్డమే."

గొంతులు పెరిగాయి. చుట్టూ వాళ్ళు తిరిగి చూస్తున్నారు.

"అబ్బా, మీకు ఇంట్లో చెప్పినా అంతే, ఇక్కడా అంతేనా అత్తయ్యా!"

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, గది గొల్లుమంది. కోడలి మొహం కందగడ్డయింది.

"నేను చెప్పలేదు. చూశారుగా, తనే చెప్పింది" అంది అత్తగారు అందరితో.

టీచరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. నవ్వు ఆపుకుంటూ, ముసలాయనతో ఒకసారి, లేకుండా ఒకసారి లెక్క చూపించి, తేడా ఎందుకొచ్చిందో రాయమంది. అలాగే రాశారు. లెక్కలు, గ్రాఫులు కోడలివి. వివరణ అత్తగారిది. కంప్యూటరులో ఏ మీట ఎందుకు నొక్కాలో కోడలు రోజూ వంటింటి బల్ల మీద చూపించేది. అత్తగారు అడిగిందే అడిగేది. కోడలు విసుక్కునేది, మళ్ళీ చెప్పేది.

ఇద్దరూ పాసయ్యారు. కోడలికి మంచి గ్రేడు. అత్తగారికి ఒడ్డెక్కే గ్రేడు.

తర్వాతి టర్ముకు కోర్సులు ఎంచుకునే రోజు అత్తగారు పొద్దుటి క్లాసులకు పేరిచ్చింది. ఎప్పుడూ లేనిది సాయంత్రాలు వద్దనడం చూసి కోడలు అడిగింది.

"నాకు పొద్దున పనేముంది? నీకా, సాయంత్రాలు తప్ప దారి లేదు. నీ క్లాసు నీకుండాలి" అంది అత్తగారు, కూరగాయల సంచి తీసుకుని వెళ్తూ.

ఆ క్లాసులోనే తనకంటూ ఒక పేరుందన్న సంగతి కోడలు ఆమెతో ఎన్నడూ అనలేదు.

కోడలికి డిగ్రీ ముందొచ్చింది. జిల్లా ఆరోగ్య కార్యాలయంలో ఉద్యోగం కూడా వచ్చింది. అత్తగారికి ఇంకో ఏడాదిన్నర పట్టింది. పట్టా రోజున ఫోటోలు తీసే పని కొడుకుది. కెమెరా ముందు నిలబడ్డ ఆవిడ, చుట్టాలకు అప్పుడే పంపొద్దనీ, ముందు తనే అందరికీ ఫోను చేసి చెప్పుకుంటాననీ అంది.