అగుపడకు అన్న మాట

ఒంటిపూట బడికి అది ఆఖరి రోజు. రాంగోపాల్‌పేట్ సందుల వెనక ఉన్న ఆ సిస్టర్ల బడిలో రెండు వేపచెట్లు రాత్రంతా పూత రాల్చాయి. చాలక, పొద్దున ప్రార్థనకి నిలబడ్డ ఆడపిల్లల జడల మీద ఇంకా రాలుస్తూనే ఉన్నాయి. రేపటి నుంచి సెలవులన్న సంగతి ఒంట్లోకి దిగిపోయింది గనక ఏ పిల్ల కాళ్ళూ నేల మీద సరిగ్గా ఆనడం లేదు.

హెడ్మిస్ట్రెస్ సిస్టర్ ప్రిసిల్లా మైకు ముందు నిలబడి ఏడాది కబుర్లు చదువుతోంది. ఖోఖో జట్టు ఫైనల్ దాకా వెళ్ళి ఓడిందట. ఓడినా దర్జాగా ఓడిందట. వానలు పడకముందే సైన్సు ల్యాబు కప్పు బాగు చేయిస్తారట. పదో తరగతి పిల్లలు పరీక్షలు రాసేసి ఇళ్ళలో గోళ్ళు కొరుక్కుంటున్నారట. పుస్తకాల అట్టలు చింపకండి, చెల్లెళ్ళకి పనికొస్తాయి అని కూడా చెప్పింది. మధ్యమధ్యలో స్టేషను వైపు నుంచి రైలు కూత వచ్చి, కబుర్లన్నింటినీ కాసేపు దూరంగా తీసుకుపోయి మళ్ళీ తెచ్చి దింపుతోంది.

వెనకాల వంటింటి అరుగు మీద ఆయా అప్పలలక్ష్మి నిమ్మకాయలు పిండుతూ వింటోంది. చివరి రోజు పిల్లలందరికీ షర్బత్ పొయ్యడం ఆ బడి ఆనవాయితీ.

"చివరగా ఒక్క మాట," అంది సిస్టర్, గొంతు కాస్త మెత్తబడి. "మన బ్యూలా మీకు గుర్తుందిగా. రెండేళ్ళ కిందట ఇక్కడే పదో తరగతి చదివింది. మన హాస్టల్లో పెరిగిన పిల్ల. ఆ పిల్లని దేవుడు పిలిచాడు. మన బ్యూలా సరేనంది. కళ్ళు మూసుకుని ఆమె కోసం ఒక్క నిమిషం మౌనంగా ప్రార్థన చేద్దాం."

అప్పలలక్ష్మి పిడికిట్లో నిమ్మచెక్క అలాగే ఉండిపోయింది.

సిస్టర్ల భాషలో దేవుడు పిలవడమంటే, మఠంలో చేరి సిస్టర్ కమ్మని మనసులో పుట్టే పిలుపు. చాపెల్‌కి వెళ్ళే పిల్లలకి ఆ మాట పాలూ నీళ్ళూ అన్నంత మామూలు. కానీ అప్పలలక్ష్మిది టెక్కలి పక్క పల్లె. అక్కడ దేవుడు ఎవరినైనా పిలిచాడంటే పాడెకి వెదుర్లు కొట్టుకురావలసిందే. ఇన్నేళ్ళుగా ఈ బడి ఊడుస్తున్నా, ఆ మాటకి ఇంకో అర్థం ఉందని ఆమెకి చెప్పే అవసరం ఎవరికీ రాలేదు.

నిమిషం గడిచింది. పిల్లలంతా ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు.

"ఓలమ్మో... సచ్చిపోతే సప్పట్లేటి!" అని లోపల్లోపలే అనుకుంది. అయినా వీళ్ళ పద్ధతి వీళ్ళది. దేవుడి దగ్గరికి వెళ్ళడం మంచిదే అనుకునే మనుషులు. ఆమెని పట్టి పీడించింది చప్పట్లు కాదు, ఆ 'సరే' అన్న ముక్క. ఆ గుంట దేనికి కాదంది గనక? తల దువ్వుతాను రాయే అంటే సరే. చోడంబలి తాగీయే అంటే సరే. దేవుడే వచ్చి గుమ్మంలో నిలబడి రమ్మంటే కూడా, చెప్పులు వెతుక్కుంటూ సరే అనే ఉంటుంది.

తల్లి లేని పిల్ల బ్యూలా. తండ్రి లారీల వెంట తిరుగుతూ ఎక్కడో ఒక చోట ఉండేవాడు. ఆరో తరగతిలో తలనిండా పేలతో హాస్టల్‌కి వచ్చిన పిల్లకి దువ్వెన పెట్టింది అప్పలలక్ష్మి చెయ్యే. ఆదివారాలు మౌలాలిలో తన ఇంటికి తీసుకుపోయేది. ఎండునెత్తళ్ళ ఇగురుతో ఆ పిల్ల అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుని చూసేది. పదో తరగతి అయి కాలేజీలో చేరాక కూడా ఆదివారాలు తప్పలేదు.

మొన్న దసరా దాటాక తప్పాయి. అడిగితే స్పెషల్ క్లాసులంది బ్యూలా. క్లాసులూ లేవు, ఏవీ లేవు, ఆదివారం ఆదివారం యాప్రాల్ వైపు పోతోందని హాస్టల్ వంటామె రోసమ్మ నోరు జారింది. అప్పలలక్ష్మికి మనసు విరిగిపోయింది. మా ఇరుకింట్లో ఎండుచేపల వాసన కాలేజీ పిల్లకి పడటం లేదు కాబోలనుకుంది. కొత్త సంవత్సరానికి బ్యూలా కేకు పొట్లం పట్టుకుని వస్తే గుమ్మంలోనే నిలబెట్టింది.

"అబద్దాలు సెప్పే గుంటవి నాకొద్దు. ఇంకెప్పుడూ నా కళ్ళకి అగుపడకు."

బ్యూలా కేకు పొట్లం అరుగు మీద పెట్టి, దానికి కూడా "సరే" అంది. ఆ తరవాత నిజంగానే అగుపడలేదు.

నా నోటి మాటే దానికి తగిలిందనుకుంది ఇప్పుడు అప్పలలక్ష్మి. అగుపడకు అంటే ఇంతలా అగుపడకుండా పోతావేటే?

షర్బత్ పంచింది. ఎలా పంచిందో తెలియదు. పిల్లల చేతులు వస్తున్నాయి, గ్లాసులు పోతున్నాయి. నీళ్ళ అడుగున నడుస్తున్నట్టు నడిచి గేటు దగ్గర రాములుకి కూడా ఒక గ్లాసు పట్టుకెళ్ళింది. రాములు అక్కడ వాచ్‌మన్, మేడ్చల్ వైపు మనిషి. ఒక గుక్క తాగి మూతి ముడిచాడు.

"ఏందక్కా ఇది? చక్కెరనుకొని మొత్తం ఉప్పే ఏసినవా?"

"రావులూ, బ్యూలా గుంట సంగతి ఇన్నావేటి?"

"ఇన్న. నేను పొద్దుగాలనే చూసిన గదా ఆ పిల్లను."

అప్పలలక్ష్మి గేటు ఊచ పట్టుకుంది. "ఎక్కడ?"

"చాపెల్ దిక్కు పోతుండె. తెల్లబట్టలేసుకుంది. నేన్ పిలిస్తె నవ్వింది గంతే, మాట్లాడలే. కాళ్ళకు చెప్పులు సుత లెవ్వు."

"కాళ్ళు అగుపడ్డాయా?"

"కాళ్ళు లేకుంటె ఎట్ల నడుస్తదక్కా! నువ్వు జెర నీడకు కూసో. పొద్దున పొద్దున్నే ఎండ నెత్తికెక్కింది నీకు."

నీడకి పోలేదు ఆమె. వేపచెట్ల కింద చేతులు కడుక్కునే కొళాయి దగ్గరికి పోయింది. వాళ్ళ వైపు అయినవాళ్ళ చావుకబురు చెవిన పడితే, కట్టుకున్న బట్టలతోనే తలమీద నీళ్ళు పోసుకోవాలి. అయినవాళ్ళకే అది. బ్యూలా తనకి ఏమవుతుంది? కులం కాదు, మతం కాదు, ఊరు కాదు. బకెట్ నిండే దాకా ఆ లెక్క చూసుకుంది. బకెట్ నిండాక లెక్క వదిలేసి, చెంబుతో నెత్తిన గుమ్మరించుకుంది.

"ఆయమ్మా! మాక్కూడా పొయ్యవా!"

ఆరో తరగతి పూజిత, ప్రోగ్రెస్ కార్డు నడుముకి దోపుకుని పరిగెత్తుకొచ్చింది. దాని వెనక ఇంకో పది మంది. ఆఖరి రోజు ఆట అనుకున్నారు పిల్లలు. దోసిళ్ళతో పట్టుకుని ఒకళ్ళ మీద ఒకళ్ళు చల్లుకున్నారు, ఆమె మీద చల్లారు. ఎండలో నీళ్ళు లేచి పడుతున్నాయి, వేపపూత తడిసి చెంపలకి అంటుకుంటోంది, కేకలు, నవ్వులు. వాటి మధ్య కళ్ళు మూసుకుని అప్పలలక్ష్మి చెంబు తరవాత చెంబు పోసుకుంటూనే ఉంది. ఏడుస్తోందో లేదో ఎవరికీ తెలియదు. అందరి మొహాలూ తడిగానే ఉన్నాయి.

సిస్టర్ ప్రిసిల్లా వరండాలోంచి విజిల్ వేసింది. పిల్లలు పిచ్చుకల్లా లేచిపోయారు. ఆటోలు వచ్చాయి, బస్సు వచ్చింది, తల్లులు వచ్చి తడిసిన కూతుళ్ళని తిట్టుకుంటూ తీసుకుపోయారు. గేటు మూతపడింది.

అంత పెద్ద బడిలో చప్పుడంతా ఎవరో మూటగట్టి పట్టుకెళ్ళినట్టు అయిపోయింది. అప్పలలక్ష్మి తడిచీరతో వంటింటి అరుగు మీద కూర్చుంది. కొళాయి చివర ఒక్కొక్క చుక్కే సాగి సాగి పడుతోంది. ఆమెకి రెప్పలు బరువెక్కాయి.

తలుపు వెనక నుంచి గొంతు వినబడింది.

"అమ్మా... అగుపడొచ్చా?"

ఆ మాట అలా అడగగలిగింది ఈ లోకంలో ఒక్కతే. అప్పలలక్ష్మి కళ్ళు తెరవలేదు. తెరిస్తే చెదిరిపోతుందేమోనని భయం.

"అగుపడు తల్లీ. ఏ రూపాన ఉన్నా అగుపడు. నానేటో కోపంలో అనీసినాను. ఆ మాట నాను ఎనక్కి తీసీసుకుంటన్నాను. దేవుడితో కూడా సెప్పు, మా అమ్మ ఎనక్కి తీసీసుకుందని."

"దేవునికెందుకమ్మా మన కొట్లాట?"

అడుగుల చప్పుడైంది. దెయ్యాల నడకకి చప్పుడుండదు. అప్పలలక్ష్మి ఒక కన్ను తెరిచింది. తెల్లచీర అంచు కింద వట్టి పాదాలు, వేళ్ళ సందుల్లో వేపపూత. ముందుకి తిరిగే ఉన్నాయి వేళ్ళు. రెండో కన్ను కూడా తెరిచింది.

బ్యూలా ఆమె ముందు గొంతుక్కూర్చుని చీరకొంగు పట్టి చూసింది. "ఇదేందమ్మా, ఇట్ల తలమీంచి తడిసినవ్? ఊర్ల ఎవరన్న పోయిన్రా?"

"నువ్వేనే!"

"నేనా?"

"నువ్వే సచ్చిపోనావు! మైకులో సెప్పినారు గదేటి, దేవుడు పిలిసేసినాడని! సప్పట్లు కూడా కొట్టినారు!"

బ్యూలా ఆమె మొహంలోకి చూసింది, నీళ్ళోడుతున్న చీర చూసింది, మళ్ళీ మొహం చూసింది. అర్థమయ్యాక నవ్వొచ్చింది. నవ్వు మధ్యలో విరిగి ఏడుపులోకి జారింది. తన కోసం ఒక మనిషి తలస్నానం చేసిందంటే ఏమిటో హాస్టల్ పిల్లకి ఎవరూ చెప్పక్కర్లేదు.

"పిలుపంటే అది కాదమ్మా. నేన్ సిస్టర్ అయితున్న. యాప్రాల్‌ల మఠం ఉంది, ఆదివారాలు ఆడికే పోయిన. ఎల్లుండి పోయి చేరుడే."

బతికిన పిల్ల మళ్ళీ పోతానంటోంది. తెల్లచీర, పెళ్ళి లేదు, పిల్లలు లేరు.

"నాకెందుకు సెప్పనేదే? సేపల వాసనకి రావడం మానేసినావనుకున్నాను."

"చెప్తే నువ్వు ఒద్దంటవ్. నువ్వు ఒద్దంటే నేను సరే అంటా." బ్యూలా తల వంచుకుంది. "నీకు సరే అనకుండ ఉండుడు నాకు రాదమ్మా. అందుకే రాలే."

కొళాయి చుక్క ఒకటి పడింది. ఇంకోటి సాగుతోంది.

"దేవుడు అడిగితే సరే అన్నావు. బాగానే ఉంది," అంది అప్పలలక్ష్మి. "నన్ను మటుకు అడగనేదు నువ్వు. ఇప్పుడడుగు."

బ్యూలా తలెత్తింది. "పోనా అమ్మా?"

అప్పలలక్ష్మి ఆ పిల్ల భుజాలు పట్టి అటు తిప్పింది. తన కొప్పులో దోపుకున్న దువ్వెన తీసి, జడ విప్పి, నుదుటి దగ్గర్నుంచి మొదలుపెట్టింది. చిక్కు దగ్గర ఆగింది. వేళ్ళతో మెల్లిగా విడదీసింది. వేపపూత ఒక్కొక్కటే ఏరి పారేసింది. మూడు పాయలు తీసింది.

"పండక్కైనా పంపుతారేటి అక్కణ్ణుంచి?"

"ఏడాదికోసారి."

"అగుపడతావా?"

"నెత్తళ్ళు వండుతవా?"

"ముందు అగుపడి ఏడువు. వండనేటి మరి."

ఎండ అరుగు మీదికి పాకి ఇద్దరి పాదాల దాకా వచ్చింది. తడిచీర అంచులు ఆరడం మొదలుపెట్టాయి. జడ చివర రబ్బరు బ్యాండు రెండు మడతలు చుట్టాక, అప్పలలక్ష్మి దాన్ని వీపు మీదికి వదిలి, అరచేత్తో ఒకసారి నిమిరింది.

"సరే," అంది.