నలభై ఒకటో నంబరు పంచ్

అయినా ఈ ఓబదయ్యకు నాకు చాయ్ తెచ్చే బుద్ధి ఎప్పుడు పుట్టింది, ఇన్నేళ్లలో మంచినీళ్లు తాగావా అని అడగని ఫోర్‌మన్ ఇవాళ చక్కెర ఎక్కువ వేయించి మరీ నా బల్ల మీద పెట్టాడు, పెట్టి చెయ్యి చాపాడు, నీ పంచ్ ఓసారి ఇవ్వవయ్యా లింబాద్రీ, సాయంత్రం ఇన్‌స్పెక్టరు వస్తాడు, పంచ్ అంటే వేలెడంత ఉక్కు ముక్క, కొసన నా నంబరు, నలభై ఒకటి, వెల్డింగ్ అతుకు వేసినవాడు దాని పక్కనే సుత్తితో కొట్టి తన నంబరు దింపాలి, సౌదీలోని యాన్బులో ఈ ట్యాంకుల షెడ్డు తెరిచిన నాటి నుంచీ ఇదే పద్ధతి, రేపు ఎక్కడ కారినా ఎవడి చేతి పనో తెలియాలి.

ఇప్పుడు అది కొట్టాల్సింది నేను వేయని అతుకుల మీద, నితాకత్ అన్నారు, ఉద్యోగాలు ముందు సౌదీవాళ్లకే అన్నారు, బయటి దేశపువాడి తలకింత లెవీ అన్నారు, షెడ్డులో సగం మందికి ఖురూజ్, అంటే దేశం విడిచే ముద్ర, కొట్టి ఇళ్లకు పంపారు, మిగిలిన మాకు జీతం కోశారు, వెల్డింగ్ పరీక్ష పాసవని వాళ్లను ఇంకా తక్కువకు తెచ్చారు, వాళ్ల ఆకలి వాళ్లది, అతుకు నిండా రంధ్రాలు, పైన రంగు, పరీక్ష పాసైన నంబరు కనబడితే ఇన్‌స్పెక్టరు అన్నిటికీ ఎక్స్‌రే తీయించడు, ఇస్తే ఏమొస్తది సార్ అన్నాను, పాత జీతమే ఇస్తారయ్యా, ఇక్కడ ఉండే పర్మిట్, ఆ ఇకామా డబ్బులు కూడా వాళ్లే కడతారు, నేను మాట్లాడాను కదా, ఇయ్యకుంటె అన్నాను, నీకు తెలీందేముంది, ఖురూజే, గ్రైండర్ దగ్గర నుంచి పీరయ్య గొణిగాడు, ఇచ్చెయ్యరాదే అన్నా, ఇనుపముక్కనే గదా, కిడ్నీ అడుగుతుండా, ఓబదయ్య నవ్వాడు, ఇంటికెళ్లి ఏం చేస్తావయ్యా, ఎవరున్నారు నీకక్కడ.

ఎవరున్నారు, ఆ మాటకు వీడికి నోరెలా వచ్చింది, నా భార్య పోశమ్మ పోయిన పొద్దు నేను ట్యాంకు లోపల ఉన్నాను, జగిత్యాల నుంచి తమ్ముడు వీడికే ఫోన్ చేశాడు, వీడు ట్యాంకు మూతి దగ్గర నిలబడి నా అతుకు పూర్తయ్యేదాకా ఆగాడు, మధ్యలో చెబితే పాడుచేస్తావని ఆగానయ్యా అన్నాడు తర్వాత, క్షమించలేదు, క్షమించను, ఆమె పోయి ఉంది, నేను చేపపొలుసుల్లా వరసగా పడుతున్న అతుకును చూసుకుని లోలోపల మురిసిపోతున్నాను, ఆ ట్యాంకు ఈ షెడ్డు గోడ అవతలి కర్మాగారంలో ఇంకా నిలబడే ఉంది, నిండా నూనె, చుక్క కారలేదు, దాని మీద నలభై ఒకటి, అదే నంబరు ఈ రంధ్రాల పక్కన కొట్టాలట.

లేచాను, జరుగు పీరయ్యా అన్నాను, పంచ్ కొసను తిరిగే రాయికి ఆనించాను, రవ్వలు, నాలుగు పోయింది, ఒకటి పోయింది, ఏవయ్యా నీకేమైనా పిచ్చా అంటున్నాడు ఓబదయ్య, నున్నటి ముక్కను అతని చేతిలో పెట్టాను, వేడికి వదిలేశాడు, ఖురూజ్ కొట్టియ్యి సార్ అన్నాను, చాయ్ మీద మీగడ కట్టింది, ముట్టలేదు, ఇన్నేళ్లూ నన్ను ఇక్కడ నిలబెట్టింది నా అతుకు మీది ఆ మురిపెమేనని, దానికి వాళ్లెన్నడూ పైసా ఇవ్వలేదని, అందుకే దాన్ని కోయడం వాళ్ల చేత కాలేదని, ఇప్పుడు తెలిసింది.