చుట్టం కోసం ముస్తాబైన ఉప్పుకూర

రాజయ్యపేటలో వరహాలక్ష్మి పిన్ని పెరట్లోకి అడుగుపెట్టగానే సుమశ్రీ గబగబా కుండీల దగ్గరికి వెళ్ళింది. నిన్నటిదాకా పొడుగూ పొట్టీగా ఉన్న ఉప్పుకూర మొక్కలన్నీ, ఉప్పునేలల్లో మొలిచే ఆ ఆకుకూరంతా, ఇవాళ ఒకే ఎత్తున, బడిలో ప్రార్థనకు నిలబెట్టిన పిల్లల్లా ఉన్నాయి. కాసేపట్లో చంద్రమౌళి మాస్టారు అనకాపల్లి నుంచి వచ్చేస్తారు.

ఆయన సుమశ్రీ పరిశోధనకు గైడు. మొక్క తీరంతా మట్టిని బట్టేనని ఆయన నమ్మకం. ఆ నమ్మకం సుమశ్రీ కంటే వయసులో పెద్దది. సుమశ్రీ మాత్రం తేడా విత్తనంలోనే ఉందంటుంది. సముద్రపు పోటునీళ్ళలో మునిగే వాగు ఒడ్డున పొడుగు మొక్కలే తరతరాలుగా నెగ్గుకొచ్చాయి. ఉప్పు పేరుకునే ఎగువ చవిటినేలలో, అంటే పర్రలో, పొట్టివే బతికి బట్టకట్టాయి. రెండు చోట్ల విత్తనాలూ తెచ్చి ఈ పెరట్లోనే ఒకే మట్టిలో, ఒకే నీటితో పెంచింది. కుండీలన్నీ కలిపేసి, ఏది ఎక్కడిదో అడుగున రాసింది. నీ కొలతలు నాకొద్దు, నా కళ్ళతో చూశాకే ఆకుల్ని జన్యుపరీక్షకు పంపడానికి సంతకం అన్నారు మాస్టారు.

"పిన్నీ, మొక్కల్ని ఏం చేసేవు?"

"ఏటి సేసేను? పెద్దమనిషి సూడ్డానికి వత్తన్నాడన్నావు కదమ్మా. ఎగుడుదిగుడుగా ఉంటే మన పరువేటవుతాది? పొడుగున్నోటి కొసలు గిల్లేసేను," అంది వరహాలక్ష్మి. అంతటితో ఆగిందా, కుండీలకు ఎర్రమట్టి పూసి సున్నంతో బొట్లు కూడా పెట్టింది. పెళ్ళిచూపులకు పిల్లని తయారుచేసినా ఇంత శ్రద్ధ ఉండదు.

"కొసలేవి?"

"పొయ్యి మీదున్నాయి. ఎండు రొయ్యలేసేను."

సుమశ్రీకి ఏడుపొచ్చింది. ఇంత మంచి మనిషిని తిట్టడానికి నోరు రాక మరీ ఏడుపొచ్చింది.

మాస్టారు వచ్చారు, చూశారు, మొహం చేటంత అయింది. "నేను చెప్పలేదూ? ఒకే మట్టి, ఒకే ఎత్తు." సుమశ్రీ ఏదో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి భోజనానికి కూర్చున్నారు. గెలిచిన ఆకలి కదా, కూర మూడుసార్లు వడ్డించుకున్నారు. తన రెండేళ్ళ చాకిరీ ముద్దముద్దగా ఆయన గొంతు దిగిపోతుంటే సుమశ్రీ గుడ్లప్పగించి చూసింది. అప్పుడు తట్టింది.

"పిన్నీ, గిల్లేముందు కుండీల అడుగున రాసింది చూసేవా?"

"అడుగెందుకు సూత్తాను? పొడుగున్నోటినే గిల్లేను."

సుమశ్రీ పెరట్లోకి పరుగెత్తింది. ఎంగిలి చేత్తో మాస్టారూ వెనకే వచ్చారు. గిల్లిన మొక్క కుండీ ఎత్తి చూపించింది: వాగు. ఇంకోటి: వాగు. గిల్లనిది: పర్ర. వరస చివరికంటా అదే తంతు. పర్ర మొక్కల్లో ఒక్కదానికి మాత్రం కొస లేదు.

"అదిగో, తప్పింది," అన్నారు మాస్టారు ఆశగా.

"తప్పింది సార్. అదీ రాస్తాను. మిగతావన్నీ ఒప్పినట్టే కదా?"

"కొసలు గిల్లేశాక అవి పొడుగున్నాయనడానికి రుజువేదమ్మా?"

"ఆ కొసల కూరే కదా సార్, మీరు మూడుసార్లు వడ్డించుకున్నారు."

మాస్టారు తన చేతికేసి చూసుకున్నారు. వేళ్ళకింకా ఆకు అంటుకునే ఉంది. నీళ్ళతొట్టి దగ్గరికెళ్ళి చెయ్యి కడుక్కుని, తువ్వాలు కంటే ముందు పెన్ను అడిగారు.